డిష్ కాగితం మీద సంతకం

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు అరవై రెండో ఏట వచ్చాయి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఈ కథ ఒక చలికాలంలో మొదలుపెడితే మళ్ళీ మంచు పడేదాకా సాగింది. తప్పులుంటే అచ్చు వేసేవారు దిద్దుకోండి. అంకెలు మాత్రం దిద్దవద్దు. ఇది నా సంగతే గాని, ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు. అందుకని జానకమ్మ అనే రాశాను, ఎవరో పక్కింటావిడ గురించి రాసినట్టు.

*

టీవీలో వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆమె కింద నీలం పట్టీ మీద పరిగెడుతున్న అక్షరాలు కూడా ఆగిపోయాయి. జానకమ్మ సోఫా అంచున కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్సిలుతో ఆ ఆగిన ముక్కను చూసింది. ‘నెల్లూరు జిల్లాలో భారీ’ వరకు ఉంది. భారీ ఏమిటో ఇంకా రాలేదు. ఉన్నంతవరకు పుస్తకంలో ఎక్కించుకుంది. బొమ్మ మళ్ళీ కదిలేసరికి నెల్లూరు వెళ్ళిపోయి, వేరే ఊరూ వేరే సంగతీ వచ్చాయి.

పుస్తకం నిండా అలాంటి సగం వాక్యాలే. పేజీ మీద అచ్చుబొమ్మల్లా నిలబడి ఉండే అక్షరాలకన్నా ఇలా నడిచిపోయే అక్షరాలంటేనే ఆవిడకు పంతం. ఒకటి చదివేలోపు ఇంకొకటి తరుముకొస్తుంది. అందుకున్న రోజున, తోపుడు బండి వెంట పరిగెత్తి కూర కొన్నట్టు సంతోషం.

నైట్ డ్యూటీ నుంచి వచ్చిన శాంత కోటు విప్పుతూ టీవీ వంక చూసింది. శాంత జానకమ్మ కూతురు. వృద్ధుల హోమ్‌లో పనిచేస్తుంది. అల్లుడు ట్రక్కు నడుపుతూ వారంలో ఐదు రోజులు దారిమీదే ఉంటాడు.

“మళ్ళీ ఆగిందా? కింద పిల్లలు లేచుంటారు.”

కింద అంటే బేస్‌మెంట్. ఆ ఏడు ఈ కెనడా లండన్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. ఆ ఇంటి బేస్‌మెంట్లో రెండు గదుల్లో పదకొండు మంది ఆడపిల్లలుండేవారు. ఇల్లంతటికీ ఇంటర్నెట్ ఒకటే.

“పదకొండు లాప్‌టాప్‌లు, పదకొండు ఫోన్లు. ఇంక లాభం లేదమ్మా, డిష్ పెట్టించుకుందాం. కంపెనీతో మాట్లాడా.”

“అదైతే ఆగదా?”

“ఆకాశంలోంచి నేరుగా వస్తుంది. కానీ మన చానెళ్ళు ఇక్కడి మామూలు ప్యాకేజీలో లేవట. దూరపు చానెళ్ళంటారట, వాటికి వేరే పర్మిషన్. ఓనరు సంతకం కావాలి, మన సంతకం కావాలి.” శాంత సంచిలోంచి కాగితాలు తీసింది. “నాలుగు పేజీల ఫారం. అందులో చానెళ్ళ పేర్లే ఒక పేజీ.”

“పేర్లే పేజీయా?”

“అవునే, అన్నీ కలిపి. నిద్రొస్తోంది నాకు.”

ఆ రోజు శనివారం. పదకొండింటికి ఇంటి యజమాని సీతారామారావు గారు వచ్చారు. రిటైరైన ఇంజనీరు. ఏజాక్స్ నుంచి రెండు గంటల పైన డ్రైవ్ చేసుకుని శనివారం శనివారం వచ్చి ఫర్నేసూ పైపులూ చూసుకుని పోతారు. గుమ్మంలో న్యూస్‌పేపరు పరిచి బూట్లు విప్పి, రెండింటి ముక్కులూ గోడవైపు ఉండేలా సర్దారు. కోటు జేబులోంచి కాగితంలో చుట్టిన కరివేపాకు తీసి జానకమ్మ చేతికిచ్చారు. కుండీలో పెంచినది. ఒక్క శనివారం కూడా ఉత్త చేతులతో వచ్చిన మనిషి కాదు.

ఫారం అందుకుని కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పేజీలు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చదివారు.

“కప్పు మీద మేకులు కొడితే నీళ్ళు కారతాయి అక్కయ్య గారూ. గోడకి పెట్టుకోమనండి, వెనక వైపు.” మొదటి పేజీలో సంతకం చేశారు. మూడో పేజీ దగ్గర ఆగారు. “ఇదిగో, ఇక్కడ అడిగాడు. ఒకే ఇంట్లో వేరే కాపురాలుంటే ఎంతమందో రాయాలట. వాళ్ళకి లైను లాగి ఇవ్వబోమని ఇంట్లో ఉండేవాళ్ళు హామీ ఇవ్వాలట.”

ఆయనే పెన్ను తీసి రాశారు. జానకమ్మకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. పై గడిలో మూడు వేశారు. కింది గడిలో నాలుగు.

“కింద నలుగురేనా?” అంది.

“లీజులో ఉన్నవి నాలుగు పేర్లే. మిగిలినవాళ్ళు గెస్టులు, వస్తుంటారు, పోతుంటారు. ఈ ఊళ్ళో ఆ పిల్లలకి ఇల్లెవరిస్తారు చెప్పండి? మనవాళ్ళు కదా అని కాదనలేక...”

“పదకొండు అని వేస్తే ఏమవుతుంది?”

“హాస్టలనుకుంటాడు. హాస్టలుకి ఈ దూరపు చానెళ్ళ పర్మిషన్ ఇవ్వడు.” ఆయన నవ్వారు. “టీవీ ఫారమండీ ఇది. జనాభా లెక్కలు కాదు.”

శాంత కళ్ళు మూతలు పడుతున్నాయి. “టీవీ ఫారమే కదమ్మా,” అని తను సంతకం పెట్టబోయింది. ఆయన కాగితం పక్కకు జరిపారు.

“నువ్వు రాత్రనక పగలనక డ్యూటీల్లో ఉంటావు తల్లీ. ఇంట్లో ఉండి చూసే మనిషి పెడితే బలం. అక్కయ్య గారు పెడతారు. రాయడం వచ్చిందటగా?”

పెళ్ళినాటి నుంచి పాస్‌పోర్టుదాకా జానకమ్మ వేసినవన్నీ వేలిముద్రలే. ఇంకు అంటిన బొటనవేలిని చీర చెంగుకు తుడుచుకోవడమే తెలుసు. ఇప్పుడు పెన్ను ఇచ్చి, కుర్చీ వేసి, ఒక పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఎదురుచూస్తున్నాడు. జ దగ్గరే ఎప్పుడూ చిక్కు. ఆ చుట్టు తిరిగేచోట పెన్సిలు విరిగిన రోజులున్నాయి. ఊపిరి బిగబట్టి తిప్పింది. తిరిగింది. తక్కినవి నిదానంగా వచ్చాయి. గడి సరిపోక చివరి మ గీత దాటి బయటపడింది.

“శభాష్!” అన్నారు సీతారామారావు గారు. ఫోను తీసి ఆ పేజీకి ఫోటో తీసుకున్నారు. “నా ఫైల్లో ఒక కాపీ ఉండాలి కదా.”

ఆయన కిందికి వెళ్ళాక జానకమ్మ మిక్సీలో కొబ్బరి తిప్పుతూ పదకొండు, నాలుగు అని రెండుసార్లు అనుకుంది. తర్వాత పోపు మాడకుండా చూసుకోవడంలో పడింది.

*

డిష్ బుధవారం వచ్చింది. వచ్చిన మనిషి వెనక గోడకు, వంటింటి కిటికీ పక్కన, నాలుగు చిల్లులు వేసి బిగించాడు. పోయేముందు చీపురు తెమ్మని సైగ చేసి, దాని కర్రతో డిష్ మీది మంచు ఎలా దులపాలో చూపించాడు.

టీవీలో అమ్మాయి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. కింద అక్షరాలు తెగకుండా నడిచిపోతున్నాయి. జానకమ్మ పెన్సిలు పట్టుకోవడం కూడా మరిచిపోయింది.

మధ్యాహ్నం మెట్ల తలుపు చప్పుడైంది. స్నేహ. కింద ఉండే సిద్దిపేట పిల్ల, పొడుగ్గా, సన్నగా, ఇంట్లో కూడా మంకీ క్యాప్ తీయదు. చేతిలో జానకమ్మ స్టీలు పళ్ళెం ఉంది, దాంట్లో నాలుగు సకినాలు.

“హారికవాళ్ళ చుట్టం ఇండియా నుంచి తెచ్చిండు అమ్మమ్మా. పదకొండు మంది మీద పడితే ఈ నాలుగు దక్కినయి.”

దసరా రోజున ఆ పళ్ళెంలోనే బియ్యం పోసి, పసుపు బొట్టు పెట్టి, జానకమ్మ వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది స్నేహ. అప్పటినుంచి ఆ పళ్ళెం పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. జానకమ్మ ఏలూరులో ఎలాగో స్నేహ సిద్దిపేటలోనూ అలాగే. ఒకసారి పైనుంచి పులిహోర వెళితే కిందినుంచి రెండు ఖర్జూరాలు వచ్చాయి. ఒకసారి ఒక్క లవంగం వచ్చింది.

స్నేహ సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. “ఏదీ, చదువు చూద్దాం.”

“రే...షన్ కార్డుల... దర...ఖాస్తు గడువు... పొడిగింపు.”

“అబ్బో! మొన్నటిదాక పొయ్యి కాగితం దాటలే. ఇగ నాకేం పనుంది?”

పొయ్యి కాగితం జానకమ్మ మొదటి వాచకం. కింద పదకొండు మందికి రెండు పొయ్యిలే ఉండడంతో సాయంత్రాలు తగవులయ్యేవి. ఎవరు ఎన్నింటికి వండుకోవాలో స్నేహ తెలుగులో రాసి కింది ఫ్రిజ్ మీద అంటించింది. ‘ఐదు గంటలకు అనిత’ అన్నది జానకమ్మ జీవితంలో మొదటిసారి తనంతట తాను చదివిన వాక్యం. చదివి, అనిత ఎవరని అడిగితే, ఆ పిల్ల గరిటె పట్టుకుని చెయ్యెత్తింది. ఆ రోజు నుంచి జానకమ్మ ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు.

స్నేహ సకినం కొరికి టీవీ శబ్దం తగ్గించింది.

“అమ్మమ్మా, ఒక మాట. మా గదిల కిటికీకి అంకుల్ చెక్క పెట్టి స్క్రూలు బిగించిండు చలి రాకుండ అని. పొయ్యి దగ్గర అలారం మోగుతుందని అదీ పీకిండు. మొన్న రేష్మ నూనె పెట్టి మర్చిపోయింది. ఇల్లంత పొగ. బయటికి దారి ఆ ఒక్క మెట్లే, మెట్ల పక్కనే పొయ్యి. ఏడుగురం ఆ లోపలి గదిల ఉంటం.”

“ఆయనతో చెప్పకపోయావా?”

“మూడుసార్లు. నీకు ఇష్టం లేకపోతే పోవచ్చమ్మా అన్నడు. లీజుల నా పేరు లేదు కద.” అరచేతిలో పడ్డ పొడిని నోట్లో వేసుకుంది. “అందుకే సిటీ ఆఫీసుల కంప్లైంట్ చేసిన. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తడు. పైన కూడ అడుగుతడంట. నలుగురే అంటే మా గది స్టోర్ రూమ్ అనుకుంటడు, కిటికీ, అలారం పట్టించుకోడు. నువ్వు ఒక్క మాట చెప్పాలె, కింద పదకొండు మంది ఉంటరు అని. ఇంగ్లీష్ రాకున్న పర్వాలేదు, వేళ్ళు చూపించు.”

జానకమ్మ చెయ్యి మోకాలి మీద ఆగింది. శనివారం రాసిన గడి కళ్ళముందు నిలిచింది. ఆ సంగతి అప్పుడే చెప్పి ఉండవచ్చు. స్నేహ అప్పటికే లేచి, చెప్పులు సగం తొడుక్కుని, మంకీ క్యాప్ సర్దుకుంటూ నిలబడే ఉంది.

“అలాగే,” అంది.

పళ్ళెంలో రెండు అరటిపళ్ళు పెట్టి కిందికి పంపింది.

*

గురువారం సీతారామారావు గారి కారు వచ్చింది. శనివారం కాని రోజున రావడం అదే మొదలు. వంటింటి కిటికీలోంచి జానకమ్మ చూస్తూనే ఉంది. ఆయన ఒక్కరే పరుపులు నిలువుగా పట్టుకుని, ఒక్కొక్కటే మంచులో ఈడ్చుకుంటూ గ్యారేజీకి చేర్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి. మధ్యమధ్య నడుం మీద చెయ్యి వేసుకుని ఆగుతున్నారు. ఏడు పరుపులు. తర్వాత ఒక చేత్తో చెప్పుల సంచి, ఇంకొక చేతిలో మడిచిన కాగితం పట్టుకొచ్చారు. కాగితం చివర్లో టేపు ముక్కలు వేలాడుతున్నాయి. దాన్ని చెత్తడబ్బాలో వేసి మూత నొక్కారు.

పైకి వచ్చి మంచినీళ్ళు అడిగారు. గ్లాసు కింద పెట్టి, “సిటీ ఆఫీసు నుంచి రేపొకాయన వస్తాడని ఫోనొచ్చింది అక్కయ్య గారూ. ఫారంలో రాసిందే అడుగుతాడు. కంగారు పడకండి,” అన్నారు. శాంత వైపు తిరిగి, “ఈ మధ్య అద్దెలు చూస్తున్నావా తల్లీ? ఇలాంటి ఇల్లు ఇప్పుడు రెట్టింపు పెట్టినా దొరకదు,” అని, గ్లాసు తనే సింకులో కడిగి బోర్లించి వెళ్ళారు.

“అమ్మా,” అంది శాంత. “మనకెందుకే.”

శుక్రవారం పదిన్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడు, చేతిలో పలక లాంటి కంప్యూటర్. కింద పావుగంట ఉన్నాడు. మెట్ల మీదుగా స్నేహ గొంతు ఇంగ్లీషులో వినిపిస్తోంది, ఆగకుండా. లీజులో లేని మిగతా ఆరుగురినీ సీతారామారావు గారు పొద్దున్నే లైబ్రరీకి పొమ్మన్నారు. స్నేహ పోలేదు. లీజులో ఉన్న నలుగురిలో ఒక్కరి గొంతూ వినబడలేదు.

జానకమ్మ పూరీ పిండి కలుపుతోంది. ఆ రోజు పూరీలు ఎందుకు మొదలుపెట్టిందో ఆవిడకే తెలియదు. ముగ్గురూ పైకి వచ్చారు. ముందు ఇన్‌స్పెక్టర్, వెనక సీతారామారావు గారు, మెట్ల తలుపు దగ్గర స్నేహ. శాంత డ్యూటీకి వెళ్ళింది.

సీతారామారావు గారు ఫైల్లోంచి కాగితం తీశారు. డిష్ ఫారం కాపీ. మూడో పేజీ. కంప్లైంట్ రాకముందే రాసుకున్నదని తేదీ మీద వేలు పెట్టి చూపించారు. ఆ కుర్రవాడు తీసుకుని, సంతకం మీద వేలుపెట్టి జానకమ్మను చూశాడు. మర్యాదగా ఏదో అడిగాడు.

“మీ సంతకమేనా అని అడుగుతున్నాడు అక్కయ్య గారూ,” అన్నారు ఆయన.

మెట్ల దగ్గర నుంచి స్నేహ, “అమ్మమ్మా, అది కాదు. ఎంతమంది అని చెప్పు. వేళ్ళు చూపించు,” అంది.

ఇన్‌స్పెక్టర్ నాలుగు వేళ్ళు ఎత్తి చూపించి, ఎదురుచూశాడు.

జానకమ్మ రెండు చేతులూ మణికట్టుదాకా పిండిలో ఉన్నాయి. తీయలేదు. రెండు చేతులూ ఎత్తినా పది వేళ్ళే, పదకొండోది ఎక్కడ తెచ్చేది అన్న మాట మనసులో మెదిలింది. అలాంటి మాట ఆ సమయంలో ఎలా తట్టిందో గాని, దాన్నే పట్టుకుని నిలబడింది. కాగితం మీద జ చుట్టు చక్కగా తిరిగి ఉంది.

తల ఊపింది.

ఇన్‌స్పెక్టర్ పలక మీద ఏదో రాసుకున్నాడు. స్నేహ రెండడుగులు లోపలికి వచ్చి ఆ పేజీ వైపు వంగి చూసింది. తేదీ చూసింది. సంతకం చూసింది.

“మంచిగ కుదిరింది అమ్మమ్మా,” అంది. గొంతులో కోపం లేదు. దిద్దిన పలక చూసి చెప్పినట్టే చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ నుంచి ఆరుగురూ తిరిగి వచ్చేసరికి బేస్‌మెంట్ తలుపుకు కొత్త తాళం ఉంది. సూట్‌కేసులు మెట్ల బయట వరసగా పెట్టి ఉన్నాయి. సీతారామారావు గారు గొంతు పెంచలేదు. “నలుగురికే పర్మిషనమ్మా. ఇప్పుడే కదా రాసుకుని పోయాడు, నన్నేం చేయమంటారు? కంప్లైంట్ ఇచ్చింది మీలో ఒకరే,” అన్నారు. ఆరుగురూ స్నేహ వంక చూశారు. ఒక పిల్ల ఏడ్చింది. ఏడు సూట్‌కేసులు, ఏడు బ్యాక్‌ప్యాకులు, ఒక రైస్ కుక్కర్. మంచులో చక్రాలు తిరగక, సూట్‌కేసులు ఎత్తి పట్టుకుని బస్టాపు దాకా నడిచారు. స్నేహ మిగతావాళ్ళకు పది అడుగులు వెనక నడిచింది.

జానకమ్మ అప్పటికి పూరీలన్నీ వేసింది. పొట్లం కట్టి మెట్ల తలుపు తీసింది. పై మెట్టు మీద స్టీలు పళ్ళెం ఉంది. కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టి ఉంది. వంగి చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది.

ఖాళీగా ఉంది.

*

వారం రోజులు టీవీ ఒక్కసారి కూడా ఆగలేదు. అక్షరాలు వచ్చాయి, పోయాయి. జానకమ్మకు అందుతున్నాయి. ఒకటి రెండు మాటలకు అర్థం తెలియలేదు. పుస్తకంలో రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. ఎవరిని అడగడానికో ఆలోచించలేదు. తను చేస్తే స్నేహ ఫోను మొదటి రెండు రోజులు మోగింది, ఎత్తలేదు. తర్వాత మోగలేదు.

గురువారం మంచు బాగా పడి బొమ్మ పోయింది. జానకమ్మ శాంత బూట్లు తొడుక్కుని వెనక పెరట్లోకి వెళ్ళింది. చీపురుకర్ర ఎత్తి డిష్ దులుపుతుంటే, కాళ్ళ దగ్గర, నేలకు జానెడు ఎత్తులో ఆ కిటికీ కనబడింది. అద్దం కనబడకుండా పైన పసుపురంగు చెక్క. ఒక్కో మూలా రెండేసి స్క్రూలు. చీపురుకర్ర దించింది. మిగతా మంచు దులపకుండానే లోపలికి వచ్చింది.

శనివారం వ్యాను వచ్చింది. సీతారామారావు గారు ముందు దిగి వెనక తలుపు తీశారు. జనవరి చదువులకు వచ్చిన పిల్లలు. ఎయిర్‌పోర్టు చీటీలు ఇంకా సూట్‌కేసులకు వేలాడుతున్నాయి. జానకమ్మ కిటికీలోంచి లెక్కపెట్టింది. ఏడుగురు. గ్యారేజీలోంచి పరుపులు మళ్ళీ ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి. ఈసారి మోయడానికి చేతులు చాలానే ఉన్నాయి.

ఆయన పైకి వచ్చి బూట్లు విప్పి సర్దారు. కరివేపాకు ఇచ్చారు. “టీవీ బాగా వస్తోందా అక్కయ్య గారూ?”

“వస్తోందండి,” అంది.

ఆయన ఫర్నేసు చూడడానికి వెళ్ళగానే మెట్ల తలుపు చప్పుడైంది. కొత్త పిల్ల, చేతిలో కడిగిన బియ్యం గిన్నె. పేరు రూప అంది.

“కింద పొయ్యి ఖాళీ లేదు ఆంటీ. తగవు పడుతున్నారు. మీ పొయ్యి మీద ఈ గిన్నె పెట్టుకోనిస్తారా?”

“ఎంతమంది ఉన్నారమ్మా కింద?”

“పదకొండు మందిమి.”

జానకమ్మ గిన్నె అందుకుని నీళ్ళు వేలితో కొలిచి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు తెలిసింది. ఆ సంతకం ఒక్క శుక్రవారంతో అయిపోలేదు. ఈ పిల్ల కూడా ఆ కాగితం ప్రకారం ఇక్కడ లేదు. రేపు వచ్చే పిల్లలూ ఉండరు. కింద మంటలు లేస్తే వెతకడానికి వచ్చినవాళ్ళు నలుగురిని బయటికి తీసి, అయిపోయిందని వెళ్ళిపోతారు.

“కింద నలుగురు కాదు, పదకొండు మందని నేను సిటీ ఆఫీసుకి వెళ్ళి చెబుతాను,” అంది.

రూపకు విషయం మెల్లగా అర్థమైంది. జానకమ్మ చెయ్యి పట్టుకుంది. “వద్దండి ఆంటీ. మమ్మల్ని కూడా బయటికి పంపేస్తారు. ఈ చలిలో ఎక్కడికి పోతాం? దణ్ణం పెడతా, చెప్పకండి.”

అన్నం పొంగి మూత లేచింది. జానకమ్మ మంట తగ్గించింది. చెప్పకపోతే ఒక పాపం, చెబితే ఒక పాపం. అన్నం వార్చి గిన్నె రూప చేతికిచ్చింది. రూపను పంపాక నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి కూర్చుంది. ఆయన చెత్తడబ్బాలో పడేసిన పొయ్యి కాగితం ఆవిడకు మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. ఎక్కడా ఆగకుండా, తుడవకుండా పదకొండు పేర్లూ రాసింది. పైన తేదీ వేసింది. అడుగున సంతకం పెట్టింది.

సీతారామారావు గారు బూట్లు తొడుక్కోవడానికి వంగారు. జానకమ్మ కాగితం ఆయన చేతికి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివారు. నవ్వబోయి ఆగారు.

“ఇదెవరు రాసిచ్చారు మీకు?”

“నేనే. ఇంకో కాపీ ఉంది.” కాపీ లేదు. కాని ఎన్ని కావాలన్నా రాయగలదు. “సాయంత్రంలోపు ఆ కిటికీ చెక్క తీయించండి. అలారం పెట్టించండి. లేకపోతే సోమవారం దీన్ని తీసుకుని ఆ ఆఫీసుకి వెళతాను.”

“తెలుగులో రాసింది వాళ్ళెవరు చదువుతారండీ?”

“ఈ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళకి కొదవా? అంతమందిని మీరే దింపారు కదా.”

ఆయన ఒక బూటు తొడుక్కుని, ఒక బూటు చేత్తో పట్టుకుని లేచారు. “నేను మీకు మంచి చేశాను అక్కయ్య గారూ. ఆ డిష్‌కి పర్మిషన్ ఇచ్చింది నేను. వెనక్కి తీసుకోనూ గలను.”

“తీసుకోండి,” అంది జానకమ్మ.

గంట తర్వాత పెరట్లో స్క్రూలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఎనిమిది స్క్రూలు. చెక్క ఊడి మంచులో పడింది. బేస్‌మెంట్లోంచి వెలుతురు బయటికి వచ్చి, డిష్ కింద మంచు మీద పలకంత మేర పరుచుకుంది. పొయ్యి దగ్గర అలారం ఒకసారి కూసి ఆగింది.

ఆ తర్వాతి వారం డిష్ తీయించేశారు. వెనక గోడకు నాలుగు చిల్లులు మిగిలాయి. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమని శాంతకు కాగితం వచ్చింది. ఆయన కొడుకు ఆ ఇంట్లో దిగుతాడట. శాంత పది రోజులు తల్లితో మాట్లాడలేదు. పదకొండో రోజున, సామాను సర్దుతూ, ఆ స్టీలు పళ్ళెం ఏ పెట్టెలో పెట్టాలని అడిగింది.

*

రూప, కూడా ఉన్న పిల్లలు చదువు ముగించి ఆ ఇల్లు వదిలి వెళ్ళారని తెలిసేదాకా ఆగి ఇది రాశాను. స్నేహ ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. బ్రాంప్టన్‌లో చూశామని ఒకరన్నారు, చదువు మానేసిందని ఒకరన్నారు. నా దగ్గర పళ్ళెం ఉంది. టీవీ చూడడం లేదు.

2023 జనవరి దాకా ఆ ఇంటి బేస్‌మెంట్లో ఐదు గంటలకు అనిత, హారిక వండుకునేవారు. ఐదున్నరకు రేష్మ, నాగజ్యోతి. ఆరింటికి శ్రావ్య, ప్రత్యూష. ఆరున్నరకు సుప్రజ, మౌనిక. ఏడింటికి లహరి, తేజస్విని. ఏడున్నరకు స్నేహ ఒక్కతే. రెండో పొయ్యి మీద నాకు టీ పెట్టి పైకి తెచ్చేది.

పదకొండు మంది. నేను చూశాను.

కొల్లి జానకమ్మ
అరవై ఐదేళ్ళు
ఇప్పుడు ఉండేది వాటర్లూలో, కూతురి దగ్గర, ఒక గది ఇంట్లో